పూట వెన్న చూసి పొద్దంతా దిగులెందుకు?

పాల సంఘాల తనిఖీకి వెళ్లినప్పుడు మేము సాధారణంగా సాయంత్రం పాలు పోసే వేళకు గ్రామం చేరుకుంటాము. రికార్డులు రాత్రి అయినా చూడవచ్చు. సంఘం ఎలా నడుస్తున్నదో తెలియాలంటే మాత్రం పాలకేంద్రం ముందు వరుసలో నిలబడిన సభ్యుల ముఖాలు చూడాలి. క్యాను మూత తీసి పాలు పోసేదాకా ముఖం ఒక తీరుగా ఉంటుంది. చీటీ చేతికి వచ్చి, అందులోని వెన్న శాతం చదివిన మరుక్షణం ఇంకొక తీరుగా మారుతుంది. పొద్దున 6.8, ఈ పూట 6.3. అంతే, ఆ మనిషి ఇంటికి నడిచే నడకే వేరు. ఇప్పుడు చాలా సంఘాలలో చీటీతో పాటు సెల్‌ఫోనుకు కూడా సమాచారం వస్తున్నది. దానితో ఆ అంకెను జేబులో పెట్టుకుని అన్నం తినేటప్పుడు ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి తీసి చూసుకునే సభ్యులను కూడా మేము చూశాము.

ఈ వ్యాసం ఆ అంకె గురించి, దాని వెంట ఇంట్లోకి వచ్చే దిగులు గురించి. "నెల జీతం తీసుకునేవారికి మా బాధ ఏం తెలుసు?" అని సభ్యులు అనుకోవచ్చు. అది కొంతవరకు నిజమే. అయితే ముప్పై ఏళ్లకు దగ్గరగా ఈ చీటీల మధ్యనే తిరిగాము. ఆడిట్ గడువుల ఆదుర్దాతో రక్తపోటు తెచ్చుకుని రోజూ ఒక మాత్ర వేసుకుంటున్నాము. శాంతం గురించి చెప్పే అర్హత మాకు ఉన్నదో లేదో గాని, అశాంతి గురించి చెప్పే అర్హత మాత్రం ఉన్నది.

ముందుగా ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుందాము. పాలను కేవలం కొలత మీద కొన్న రోజులలో నీళ్లు కలిపినవారికీ, చిక్కటి పాలు పోసినవారికీ ఒకటే ధర. తగాదాలు తెగేవి కావు. 1890లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో స్టీఫెన్ బాబ్‌కాక్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు పాలలో వెన్నను తేలికగా కొలిచే పద్ధతి కనిపెట్టాడు. దానికి పేటెంటు కూడా తీసుకోలేదు. ఆ దశకంలోనే స్విట్జర్లాండు దేశస్థుడు గెర్బర్ మరొక పద్ధతి తెచ్చాడు. మన సంఘాలలో పాత సభ్యులందరికీ తెలిసిన యాసిడ్ సీసాలు, గిరగిర తిరిగే సెంట్రిఫ్యూజి ఈ గెర్బర్ పద్ధతికి చెందినవే. 10 మిల్లీలీటర్ల గంధకామ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలు కలిపి తిప్పితే వెన్న పైకి తేలి గొట్టం మీది గీతల దగ్గర నిలుస్తుంది. ఎవరి పాలకు తగిన డబ్బు వారికి ముట్టాలని, తగాదాలు తీరాలని పుట్టిన అంకె అది. ఇప్పుడు అదే తగాదాకు మూలమవుతున్నది.

గెర్బర్ గొట్టం మీద చిన్న గీత విలువ 0.1. ఒకే పాలను రెండుసార్లు పరీక్షించినా 0.1 తేడా రావడం వింత కాదు. ఇప్పటి యంత్రాలలో నమూనా గొట్టం పెట్టగానే అంకె కనబడుతుంది గాని, నమూనాలో నురుగు ఉన్నా, పాలు సరిగా కలపకపోయినా, యంత్రాన్ని ఏ పూటకాపూట శుభ్రం చేయకపోయినా అంకె తప్పుతుంది. ఇది టెస్టరు చూసుకోవలసిన పని. కాని తేడాలన్నీ టెస్టరు దగ్గరనే పుట్టవు. ఎక్కువ భాగం పశువుల కొట్టంలోనే పుడతాయి. అది ఎలాగో కొంచెం వివరంగా చెప్పాలి.

పొదుగులోని పాలన్నీ చన్నుల దగ్గర సిద్ధంగా ఉండవు. ఆవు పొదుగులో సుమారు 20 శాతం పాలు మాత్రమే కింది తిత్తిలో ఉంటాయి. గేదెకు అది 5 శాతమే. మిగతా పాలు పైన సన్నని గదులలో పట్టి ఉంటాయి. దూడ ముట్టె తగిలినప్పుడు, పొదుగు కడిగినప్పుడు, దాణా బొచ్చె చప్పుడు విన్నప్పుడు పశువు మెదడు అడుగు నుంచి ఆక్సిటోసిన్ అనే స్రావం రక్తంలోకి వచ్చి, ఆ గదులను పిండి పాలను కిందికి దించుతుంది. దీనినే మనం చేపు అంటున్నాము. దాని బలం కొద్ది నిమిషాలు మాత్రమే ఉంటుంది. ఆ కాస్త సమయంలో పిండుకున్నదే మనది. పశువు బెదిరినా, నొప్పి కలిగినా అడ్రినలిన్ అనే మరొక స్రావం వచ్చి చేపును ఆపివేస్తుంది. గేదె పాలు ఎగబట్టింది అంటాము గాని, పాపం అది పట్టుదలతో చేసే పని కాదు.

దీనిని రుజువు చేయడానికి 1941లో అమెరికాలో ఈలీ, పీటర్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు చేసిన ప్రయోగం చదివినప్పుడు మాకు నవ్వు వచ్చింది. ఆవు వీపు మీద పిల్లిని కూర్చోబెట్టి, పది సెకన్లకొకసారి కాగితపు సంచిని ఊది ఢామ్మని పగలగొట్టారు. ఆవు పాలు చేపలేదు. పిల్లీ సంచీ లేకుండా అడ్రినలిన్ ఇంజెక్షను ఇచ్చి చూసినా అదే ఫలితం. మన కొట్టాలలో పిల్లిని తెచ్చి కూర్చోబెట్టనవసరం లేదు. సరిగా పాలు పిండే వేళకు అప్పులవాడు వాకిట్లోకి రావడం, తండ్రీకొడుకులు గొంతు పెంచుకోవడం, లారీ హారను విని పిండేవారు చేయి బిగించడం చాలు. మనసులోని దిగులు గేదెకు తెలుస్తుందని మేము అనము. చేతి బిగువు, గొంతు, తొందర మాత్రం దానికి బాగా తెలుస్తాయి.

ఇక ముఖ్యమైన సంగతి. మొదటి ధారలలో వెన్న చాలా తక్కువ, చివరి ధారలలో అంతకు అనేక రెట్లు ఎక్కువ. చేపు మధ్యలో ఆగిపోతే పొదుగులో మిగిలిపోయేది ఆ చివరి చిక్కటి పాలే. అందుచేత అరలీటరు తగ్గడమే కాక, తెచ్చిన పాలలో వెన్న శాతం కూడా పడిపోతుంది. అయితే మిగిలినది ఎక్కడికీ పోదు. మామూలుగా తరువాతి పూట పాలలో కొంత కలిసి వస్తుంది, అప్పుడు శాతం పెరుగుతుంది. ఈ పూట తగ్గిందని ఏడ్చినవారు, మరుపూట పెరిగిందని పొంగినవారు తరచుగా చూస్తున్నది ఒకే వెన్నను.

రెండేళ్ల క్రిందట మేము తనిఖీ చేసిన ఒక గ్రామంలో, పేరు అవసరం లేదు, ఒక పెద్దమ్మ పాలు పోయడం మానివేసింది. భర్త లేడు, ఒక్క గేదె, చేతికి అందివచ్చిన కొడుకు. పొద్దున నాలుగు లీటర్లు, సాయంత్రం మూడు లీటర్లు, వెన్న ఏడుకు అటూ ఇటూగా పోసే ఇల్లు. ఒక సాయంత్రం 5.4 వచ్చింది. టెస్టరు ఆమె మరిది కొడుకు. రెండిళ్లకూ హద్దురాయి దగ్గర పాత పేచీ ఉన్నది. "నా పాలల్లో నీళ్లు కలిపానంటావురా?" అని ఆమె చీటీని అక్కడే చించివేసింది. అతను కూడా వయసువాడు, నోరు జారాడు. మర్నాటి నుంచి ఆమె పాలు హోటలు వర్తకుడికి వెళ్లాయి. ఆమెను చూసి మరో ఆరుగురు సభ్యులు మానివేశారు. ముప్పై ఎనిమిది మంది పోసే చిన్న సంఘంలో అది తక్కువ సంగతి కాదు. రూటు బండి ఆ ఊరికి వస్తుందా రాదా అనే మాట కూడా లేచింది.

పదకొండు రోజుల తరువాత మేము వెళ్లాము. ఇక్కడ మా తప్పు చెప్పుకోవాలి. ఆ రోజు మరో రెండు సంఘాల రికార్డులు చూసి తల వేడెక్కి ఉన్నాము. ఆమె ఇంటికి వెళ్లి బైలా పుస్తకం తెరిచి, బయట పాలు అమ్మితే సభ్యత్వం పోతుందని గట్టిగానే చెప్పాము. ఆమె ఒక్క మాటే అన్నది. "బాబూ, మీరు కూడా చీటీయే చూశారు. గేదెను చూడలేదు."

మాకు చెంప మీద కొట్టినట్టయింది. రాత్రి అక్కడే ఉండి తెల్లవారుజామున వాళ్ల కొట్టానికి వెళ్లాము. అప్పుడు తెలిసింది. ఆ 5.4 వచ్చిన సాయంత్రానికి నాలుగు రోజుల ముందు దూడ చచ్చిపోయింది. ఆ పూట పెద్దమ్మకు జ్వరం, కొడుకు పాలు పిండాడు. అదే మధ్యాహ్నం బ్యాంకు నుంచి వాయిదా నోటీసు వచ్చింది. దాని గురించి తల్లి అరుగు మీద నుంచి, కొడుకు గేదె కింద నుంచి వాదులాడుకున్నారు. దూడ లేని గేదె, అలవాటు లేని చేయి, నెత్తిమీద కేకలు. ఈలీ, పీటర్సన్ గారల పిల్లి ఇంతకంటె ఏం చేసి ఉంటుంది?

టెస్టరు వైపు కూడా లోపం ఉన్నది. నమూనా తీసే ముందు పాలను సరిగా కలపడం లేదని మేము కళ్లారా చూశాము. క్యానులో పైన తేలిన వెన్న పైననే ఉండి, అడుగు పాలు గొట్టంలోకి వస్తే ఎవరి అంకె అయినా తప్పుతుంది. ఆ సంగతి అతనికి అందరి ముందు కాకుండా, వరుస అయిపోయాక చెప్పాము.

ఇప్పుడు లెక్క చూద్దాము. ఎస్.ఎన్.ఎఫ్. సంగతి పక్కన పెట్టి, సులువు కోసం కిలో వెన్నకు 800 రూపాయలు అనుకుందాము. మూడు లీటర్లు అంటే సుమారు 3.09 కిలోలు. వెన్న 7.0 నుంచి 5.4కు పడితే తగ్గిన వెన్న 49 గ్రాములు, అంటే 40 రూపాయలు. ఆ కోపంతో ఏడు లీటర్ల పాలు పదకొండు రోజులు బయటికి వెళ్లాయి. ఏడు శాతం వెన్న లెక్కన కేంద్రంలో రోజుకు సుమారు 404 రూపాయలు వచ్చేవి. వర్తకుడు లీటరుకు 50 చొప్పున 350 ఇచ్చాడు. పదకొండు రోజులకు నష్టం దాదాపు 590 రూపాయలు. ఇంకా విచిత్రం ఏమిటంటే, ఆ పూట పొదుగులో మిగిలిన చిక్కటి పాలు మర్నాడు దిగి ఉంటే అవి కూడా లీటరు లెక్కన వర్తకుడి గిన్నెలోకే పోయాయి.

ఈ లెక్క పెద్దమ్మకు చెప్పినప్పుడు ఆమె వెంటనే ఒప్పుకోలేదు. "నలభై రూపాయల కోసం కాదు బాబూ, మాట కోసం" అన్నది. అది కూడా న్యాయమే. వెన్న తగ్గిందంటే పాలు తగ్గాయని కాక, మనిషి నిజాయితీ తగ్గిందని అన్నట్టు మన ఊళ్లలో వినబడుతున్నది. టెస్టర్లు, కార్యదర్శులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. చీటీ ఇచ్చేటప్పుడు "ఏమ్మా, దూడ బాగుందా? దాణా మార్చావా?" అని ఒక్క మాట అడిగితే సగం తగాదాలు పుట్టవు.

సభ్యులకు మా సలహా, ఏ పూటకాపూట అంకెను తక్కెడలో పెట్టుకుని దానితో పాటు ఊగవద్దు. బిల్లు కొన్ని చోట్ల పది రోజులకు, కొన్ని చోట్ల పదిహేను రోజులకు వస్తుంది. బిల్లులో వచ్చిన మొత్తం డబ్బును మొత్తం లీటర్లతో భాగిస్తే లీటరుకు ఎంత పడిందో తెలుస్తుంది. ఆ ఒక్క అంకెను తేదీ వేసి ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఇంట్లో చదువుకునే పిల్లలు ఉంటే ఆ పని వారికి అప్పగించండి, సంతోషంగా చేస్తారు. పదిహేను రోజులలో ముప్పై పూటలు ఉంటాయి. అందులో రెండు మూడు పూటలు కిందికి జారినా సరాసరి పెద్దగా కదలదు. సరాసరి వరుసగా రెండు మూడు బిల్లులు పడితే, సంఘం ధరలు మారలేదని ముందు చూసుకుని, అప్పుడు ఆలోచించాలి. ఎండుగడ్డి తగ్గి ఒట్టి పచ్చిమేతే పడుతున్నదా, పొదుగువాపు మొదలైందా, మే నెల ఎండకు నల్లటి చర్మం గేదె నీడా నీళ్లూ లేక అలిసిపోతున్నదా అని చూడాలి. ఇది పనికి వచ్చే ఆలోచన. పూట అంకె మీద పెట్టే దిగులు పనికి రాదు.

అనుమానం వస్తే ఊరుకోమని మేము చెప్పడం లేదు. వెంటనే, అదే నమూనా మీద, మళ్లీ పరీక్ష చేయమని అడగండి. అడిగే తీరు ముఖ్యం. వెనుక వరుసలో ఇరవై మంది నిలబడి ఉన్నప్పుడు టెస్టరు తన తప్పును ఒప్పుకోడు, మనమూ మన తప్పును ఒప్పుకోము. పదే పదే జరుగుతుంటే తేదీలు రాసి పాలకవర్గ సమావేశంలో పెట్టండి. కాగితం మీద పెట్టినదానికి జవాబు చెప్పక తప్పదు.

దిగులు పడవలసినవి పాడిలో వేరే ఉన్నాయి, వాటి మీద మన చూపు తక్కువ. నాలుగు లీటర్ల మీద 0.1 వెన్న తేడా అంటే పై లెక్కన 3 రూపాయల 30 పైసలు. గేదె ఎద ఒకసారి గమనించక వదిలేస్తే మళ్లీ రావడానికి సుమారు 21 రోజులు. మేతకూ దాణాకూ రోజుకు 150 రూపాయలు అనుకున్నా 3,150 రూపాయలు ఉత్త పుణ్యానికి పోతాయి. అది దాదాపు 950 పూటల 0.1 తేడాలతో సమానం. గేదె ఎద తరచుగా రాత్రి పూట వస్తుంది, ఆవులాగా అరిచి గోల చేయదు. చీటీ చూసుకుంటూ పడుకున్నవారికి అది కనబడదు. రాత్రి పడుకోబోయే ముందు సెల్‌ఫోనుకు బదులు ఒకసారి లాంతరో, టార్చిలైటో పట్టుకుని గేదెను చూసి రండి. అలాగే పాలు పిండే ముందు ప్రతి చన్ను నుంచి ఒకటి రెండు ధారలు నల్లటి పళ్లెంలోకి తీసి, గడ్డలు ఉన్నాయేమో చూడటానికి అరనిమిషం చాలు.

పాలు పిండే పావుగంటను మాత్రం ఇంట్లో అందరూ కట్టుబాటుగా పాటించాలని మా మనవి. అప్పుల మాటలు, పెళ్లి సంబంధాల మాటలు, పక్కింటివారి మాటలు ఆ పావుగంట కొట్టంలోకి రానీయకండి. వీలైనంతవరకు రోజూ ఒకే మనిషి, ఒకే వేళకు కూర్చోవాలి. గోరువెచ్చని నీటితో పొదుగు కడిగి, దాణా ముందు పెట్టి, చేపు వచ్చేదాకా ఓపిక పట్టాలి. గేదెకు ఆవుకంటె ఆలస్యం అవుతుంది, కొన్నిటికి ఐదారు నిమిషాలు కూడా పడుతుంది. బొటనవేలు మడిచి లాగకుండా పిడికిలి పద్ధతిలో పిండాలి. ఓపిక లేక చేపు కోసం ఇంజెక్షను వేసేవారు ఇంకా అక్కడక్కడ ఉన్నారు. పాలు ఎక్కువగా రావడానికి ఇంజెక్షను వేయడం 1960 నాటి పశుహింస నివారణ చట్టం క్రింద నేరం. ఊపిరి ఆగి ఆగి పోయే ఆ ఐదు నిమిషాలలో మన చేయి కూడా సడలుతుంది. మేము తెల్లవారుజామున కొట్టాలలో కూర్చున్న అనుభవంతో చెబుతున్నాము, మా రక్తపోటు మాత్రకంటె అది తక్కువ మందు కాదు.

అన్ని దిగుళ్లూ చిన్నవని చెప్పి తప్పించుకోవడం మా ఉద్దేశం కాదు. పెద్దమ్మ ఇంట్లో అసలు బరువు 5.4 కాదు, బ్యాంకు నోటీసు. చీటీ మీద అరవడం సులువు, నోటీసు గురించి నలుగురిలో మాట్లాడటం కష్టం. అందుకే అక్కడి బాధ ఇక్కడ బయటపడింది. అటువంటి బరువు ఉన్నవారు దానిని గుండెలో పెట్టుకుని తిరగవద్దు. గడువుకు ముందే బ్యాంకుకు వెళ్లి వాయిదా మార్పు అడగవచ్చు. సంఘం అధ్యక్షుడినో, చదువుకున్న బంధువునో తోడు తీసుకువెళ్లండి. రాత్రిళ్లు నిద్ర రాక, అన్నం సహించక, బ్రతుకు మీద విరక్తి కలుగుతుంటే అది సిగ్గుపడవలసిన విషయం కాదు. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ అనే సహాయ కేంద్రానికి 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరును పాలకేంద్రం గోడ మీద, ధరల పట్టిక పక్కన రాయించవలసిందిగా కార్యదర్శులను కోరుతున్నాము.

ఆ పెద్దమ్మ మేము వెళ్లిన మూడో రోజు నుంచి మళ్లీ కేంద్రానికి పాలు తెచ్చింది. మిగతా ఆరుగురిలో ఐదుగురు తిరిగి వచ్చారు, ఒకాయన ఇంకా రాలేదు. దూడ లేని లోటు గేదెకు తీరడానికి ఇరవై రోజులు పట్టింది. దాణా బొచ్చె చప్పుడుకు చేపడం మెల్లగా అలవాటు చేసుకున్నది. మొన్న తనిఖీకి వెళ్తే ఆమె కొంగు చాటు నుంచి నోటుపుస్తకం తీసి చూపించింది. మనుమరాలి చేతిరాత, తేదీలు వరుసగా ఉన్నాయి. మధ్యలో ఒక పూట 5.9 దగ్గర ఎర్రసిరాతో సున్న చుట్టి, పక్కన "గేదెకు జ్వరం" అని రాసి ఉన్నది. "ఈ బిల్లుకు సరాసరి 6.8 పడింది బాబూ" అన్నది ఆమె. "టెస్టరు ముక్కోపం మాత్రం తగ్గలేదు."